బ్రేక్ ఆయిల్ మార్చాలా? ఎప్పుడు, ఎలా?

తిరుమల పాత ఘాట్ రోడ్డు మీదుగా తిరుపతికి చేరే కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. మనుషులు, సామాను కలిపి 1,500 కిలోలు తూగే కారుకు ఆ ఎత్తు ఇచ్చే శక్తిని లెక్క కడితే దాదాపు మూడు యూనిట్ల కరెంటుకు సమానమవుతుంది. అందులో కొంత గాలికీ టైర్ల రాపిడికీ పోతుంది. రెండో గేరులో దిగేవారికి ఇంజను ఇంకొంత భారం మోస్తుంది. మిగిలిందంతా గంట లోపు బ్రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలవాలి. డిస్కులు, ప్యాడ్లు ఆ వేడిని తట్టుకునేలా తయారైనవే. వాటిని ఆనుకుని, ప్యాడ్లను నొక్కే కాలిపర్ లోపల ఉండే కొద్దిపాటి ద్రవం సంగతే ఆలోచించాలి. షెడ్డులో మనం బ్రేక్ ఆయిల్ అనేది దాన్నే. అది మార్చాలా, ఎన్నాళ్లకు మార్చాలి, ఎలా మార్చాలి అని అడిగితే కార్ల కంపెనీలు ఒకటి చెబుతాయి, సర్వీస్ సెంటర్లు ఒకటి చెబుతాయి, పదేళ్లుగా ఒకే కారు నడుపుతున్న మనిషి మరొకటి చెబుతాడు. ముగ్గురి మాటలోనూ నిజముంది. కాకపోతే ముగ్గురూ ఒకే ప్రమాదం గురించి మాట్లాడటం లేదు.

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరుతుందంటే, ద్రవాన్ని నొక్కి కుదించడం సాధ్యం కాదు కాబట్టే. ఆవిరి అలా కాదు, నొక్కితే కుదించుకుపోతుంది. కాలిపర్‌లో వేడికి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. పెడల్ నేలకు ఆనుతుంది, కారు ఆగదు. ప్యాడ్లు విపరీతంగా వేడెక్కి పట్టు కోల్పోవడం ఇంకో జబ్బు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ముందుకు జారుతూనే ఉంటుంది. ఈ రెంటినీ కలిపి ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని ఒకే మాటతో సరిపెట్టడం వల్ల అసలు కారణం తరచు మరుగున పడుతుంది. మరిగిన ద్రవం చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, పెడల్ మామూలుగా గట్టిపడుతుంది. మర్నాడు షెడ్డుకు తీసుకెళితే మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించదు. పైగా ఈ ప్రమాదం దిగుతున్నప్పుడే రావాలని లేదు. ఘాట్ దిగి టీ కోసం కారు ఆపితే, చక్రాలకు తగిలే గాలి ఆగిపోయి డిస్కులోని వేడి నెమ్మదిగా కాలిపర్‌లోకి పాకుతుంది. మళ్లీ బండి తీసి మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడు పెడల్ దిగబడే అవకాశం ఉంది.

ద్రవంతో నడిచే బ్రేకులకు అమెరికాలో మాల్కమ్ లాఫ్‌హెడ్ 1917లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత విమానాలతో ప్రసిద్ధమైన లాక్‌హీడ్ అన్న పేరు ఆ కుటుంబానిదే. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో మార్కెట్లోకి వచ్చింది. తొలినాళ్లలో ఆ గొట్టాల్లో పోసింది ఆముదం, ఆల్కహాల్ కలిపిన మిశ్రమం. మన పాలమూరు మెట్ట చేలల్లో పండే అదే ఆముదం. అప్పటి సహజ రబ్బరును పాడుచేయకపోవడం దాని సుగుణం. ఆల్కహాల్ తొందరగా మరగడం, చలికి మిశ్రమం చిక్కబడడం లోపాలు. బళ్ల బరువు, వేగం పెరిగేకొద్దీ ఆ మిశ్రమం చాలకపోయింది. దాని స్థానంలో గ్లైకాల్ ఈథర్లు వచ్చాయి. ఈ రోజు మన కార్లలో ఉండేవి దాదాపు అన్నీ ఆ జాతివే.

గ్లైకాల్ ద్రవానికి నీటిని పీల్చుకునే స్వభావం ఉంది. ద్రవం నిలవ ఉండే రిజర్వాయర్ మూతలోని సన్నటి గాలి దారి నుంచీ, కాలిపర్ల దగ్గరి రబ్బరు గొట్టాల గోడల నుంచీ గాలిలోని చెమ్మ కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. కారు నడిచినా, షెడ్డులో ముసుగేసుకుని పడి ఉన్నా ఇది జరిగిపోతూనే ఉంటుంది. ‘నా బండి ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగదు, దానికేం మార్పిడి’ అనేవారు కిలోమీటర్లు చూస్తున్నారు. బ్రేక్ ఆయిల్‌కు కిలోమీటర్లు తెలియవు, నెలలు తెలుసు. మచిలీపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలిలో నిలిచే కారుకు, అనంతపురం పొడి గాలిలో నిలిచే కారు కంటే ఈ చెమ్మ ఎక్కువ చేరుతుందని అనుకోవడంలో తప్పులేదు.

ఆ నీరు ఎంత చేటు చేస్తుందో డబ్బా మీది డాట్ అంకె చెబుతుంది. ఇది అమెరికా రవాణా శాఖ ప్రమాణం. మన దేశంలో ఐఎస్ 8654 అనే ప్రమాణమూ ఉంది కానీ జనం అడిగేది డాట్ పేరుతోనే. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. డాట్ 4కు ఈ హద్దులు 230, 155. డాట్ 5.1కు 260, 180. వందలో నాలుగు పాళ్లు కూడా లేని నీరు మరిగే హద్దును అరవై అయిదు నుంచి ఎనభై డిగ్రీల కిందికి లాగేస్తుంది. అక్కడితో ఆగదు కూడా. నీరు ఇంకా పెరిగితే హద్దు ఇంకా దిగుతుంది. డాట్ 4లో కలిపే బోరేట్ ఎస్టర్లు మొదట్లో నీటిని తమలో కట్టేసుకుంటాయి కనుక కొన్నాళ్లు మరిగే హద్దు బాగానే నిలుస్తుంది. ఆ రక్షణ అయిపోయాక మాత్రం వేగంగా పడిపోతుంది. కాబట్టి పెద్ద అంకె ఉన్న ద్రవం పోస్తే ఎక్కువ కాలం మార్చక్కర్లేదనే నమ్మకానికి ఆధారం లేదు. ఆ అంకె వేడి గురించి చెబుతుంది, మన్నిక గురించి చెప్పదు.

నీటిని పీల్చుకోవడం పూర్తిగా దోషమేనా అంటే కాదు. సిలికాన్‌తో తయారైన డాట్ 5 నీటిని అసలు కలుపుకోదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ లోపలికి చేరిన నీరు ద్రవంలో కలవకుండా విడిగా, బొట్లుగా దిగి పల్లంలో, అంటే కాలిపర్లలో నిలుస్తుంది. అక్కడ అది 100 డిగ్రీలకే మరుగుతుంది, ఉన్నచోట తుప్పు పట్టిస్తుంది. గ్లైకాల్ ద్రవం నీటిని అంతటా పంచి పలచబరచడం వల్ల చేటు వాయిదా పడుతుంది. సిలికాన్ ద్రవం గాలినీ సన్నటి బుడగలుగా పట్టి ఉంచుతుంది కాబట్టి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదు. డాట్ 3, 4, 5.1 ఒకదానితో ఒకటి కలిసినా ఇబ్బంది లేదు. డాట్ 5 మాత్రం వీటితో కలవకూడదు. 5కూ 5.1కూ పేరులో ఉన్న పోలిక చూసి దుకాణంలో పొరబడేవారు ఉన్నారు. కొనేముందు రిజర్వాయర్ మూత మీద ఏ అంకె ఉందో చదివి, డబ్బా మీద అదే ఉందో లేదో సరిచూసుకోవాలి.

మరగడం ఒక్కటే ప్రమాదమైతే విజయవాడ నుంచి ఏలూరు వరకు చదునైన రోడ్డు మీద తిరిగే కారు యజమాని నిశ్చింతగా ఉండవచ్చు. మామూలు పట్నపు నడకలో కాలిపర్‌లోని ద్రవం ఆ వేడి దరిదాపులకు సాధారణంగా పోదు. పదేళ్లు మార్చకపోయినా ఏమీ కాలేదని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. అయితే రెండో చేటు మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది. కొత్త ద్రవంలో తుప్పును ఆపే మందులు కలిపి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అవి ఖర్చైపోతాయి. అప్పుడు బ్రేకు పైపుల లోపలి గోడల్లోని రాగి ద్రవంలోకి కరగడం మొదలవుతుంది, ఇనుప భాగాల మీద తుప్పుకు దారి తీస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏబీఎస్ భాగాల్లో రాగి వల్ల కలిగే ఈ తుప్పును ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. ఆ దేశపు వాహన మరమ్మతు పరిశ్రమ మార్గదర్శకాల్లో, ద్రవంలో పది లక్షల పాళ్లకు 200 పాళ్ల రాగి కనిపిస్తే మార్చాలన్న హద్దు ఉంది. ఈ విషయాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరైంది. ఏబీఎస్ యూనిట్‌లోని కవాటాల దారులు ఎంతో సన్నం. అక్కడ తుప్పు రేణువులు చేరి యూనిట్ మార్చాల్సి వస్తే పెద్ద ఖర్చు. సీసా బ్రేక్ ఆయిల్ ఖరీదు కొన్ని వందల రూపాయలు.

ఇక కంపెనీలు చెప్పే గడువులు. జర్మనీ కార్లకు రెండేళ్ల గడువు చాలాకాలంగా పాతుకుపోయిన ఆచారం. ఫోక్స్‌వ్యాగన్ లాంటివి కొత్త కారుకు మొదటిసారి మూడేళ్లు, ఆ తర్వాత రెండేళ్లకోసారి అంటాయి. హోండా మూడేళ్లు అంటుంది. అమెరికాలో టయోటా ఏళ్ల తరబడి ఎన్నో మోడళ్లకు ‘పరీక్షించండి’ అని మాత్రమే రాసింది, మార్చమని గడువు పెట్టలేదు. టెస్లా నాలుగేళ్లకోసారి ద్రవం నాణ్యత పరీక్షించి అవసరమైతే మార్చమంటుంది. మన దేశంలో మాన్యువళ్లు ఎక్కువగా రెండేళ్ల గడువుతో పాటు ఒక కిలోమీటర్ల హద్దు కూడా చెబుతాయి. ఒకే రకం ద్రవానికి ఇన్ని మాటలెందుకంటే ఒక్కో కంపెనీ ఒక్కో దారిలో నష్టాన్ని బేరీజు వేస్తుంది. ఆల్ప్స్ కొండల మీదుగా నిండు బరువుతో, వేగంగా దిగే కార్లను దృష్టిలో పెట్టుకున్నవాళ్లు గడువు కుదిస్తారు. పొడుగాటి చదును రోడ్లను, సర్వీసు ఖర్చు తక్కువగా కనబడాలన్న పోటీని చూసేవాళ్లు సడలిస్తారు. కాబట్టి ‘ఫలానా దేశంలో గడువే లేదు’ అన్నది మనకు వాదన కాజాలదు. మన దగ్గర ఆరు నెలలు చెమ్మ గాలి. కారు నిండా జనం, పైన సామానుతో ఏడాదికోసారైనా తిరుమలో, శ్రీశైలమో, అరకో పోని కుటుంబాలు తక్కువ.

మరి పరీక్షించి తెలుసుకోవచ్చు కదా? ఇక్కడే నాకు సర్వీస్ సెంటర్ల తీరుతో తగాదా. రంగు చూపించి మార్చమనడం సరికాదు. ద్రవం రబ్బరు వల్లా, వేడి వల్లా నల్లబడుతుంది. తేనెరంగులో తేటగా ఉన్న ద్రవంలో నీరు నిండుగా ఉండవచ్చు, నల్లబడిన దాంట్లో తక్కువగా ఉండవచ్చు. అయినా బాగా నల్లబడి, అడుగున మడ్డి కనిపిస్తే మాత్రం మార్చడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. పెన్ను లాంటి పరికరం ముంచి ఎర్ర దీపం వెలిగించి చూపడం ఇంకో పద్ధతి. అది కొలిచేది ద్రవం గుండా కరెంటు ఎంత పారుతోందన్నది. అది నీటితోనే కాక ద్రవం తయారీని బట్టి, కలిపిన మందులను బట్టి మారుతుంది. నిజంగా నమ్మదగింది ద్రవాన్ని కాసేపు వేడిచేసి ఎక్కడ మరుగుతుందో కొలిచే పరికరం. ఖరీదైనది కాబట్టి మన షెడ్లలో అరుదు. పైగా ఈ పరీక్షలన్నీ చూసేది రిజర్వాయర్‌లోని ద్రవాన్ని. ఇంజనాయిల్ లాగా బ్రేక్ ఆయిల్ తిరుగుతూ ఉండదు. కాలిపర్‌లో చేరిన ద్రవం ఏళ్ల తరబడి అక్కడే నిలుస్తుంది, రబ్బరు గొట్టం పక్కనే ఉంటుంది కాబట్టి చెమ్మ, వేడి రెండూ దాని మీదే పడతాయి. పైన పరీక్ష బాగుందంటే కింద బాగుందని అర్థం కాదు. అందుకే రంగు కంటే, దీపం కంటే తేదీకే విలువ ఇవ్వాలంటాను.

కొండదారి ప్రయాణాలు ఉన్నవారు, కోస్తాలో ఉండేవారు రెండేళ్లు దాటనివ్వకూడదు. మాన్యువల్ మూడేళ్లు ఒప్పుకుంటే, కారు పొడి వాతావరణంలో చదును రోడ్ల మీదే తిరుగుతుంటే మూడేళ్లు ఆగవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు పాత యజమాని మాట మీద ఆధారపడకుండా ముందు మార్పించుకోవాలి. ఏటా మార్చమని బలవంతపెట్టే సర్వీస్ సెంటర్‌కు మాత్రం మాన్యువల్ చూపించి వద్దనవచ్చు. రేసుల్లో నడిపేవారికి తప్ప అంత తరచుగా అవసరం లేదు.

ఎలక్ట్రిక్ కార్లవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీని నింపుతుంది కనుక ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగవు. దాంతో బ్రేకుల ఊసే మరచిపోతారు. ద్రవం మాత్రం అందరి కార్లలో లాగే పాతబడుతుంది. ఇంకో చిక్కు ఉంది. కొండ మీద బ్యాటరీని నూరు శాతం నింపి దిగడం మొదలుపెడితే, కొత్త కరెంటు పెట్టుకోవడానికి చోటు లేక మోటారు సాయం బాగా తగ్గిపోతుంది. అప్పుడు పెట్రోలు కారు కంటే బరువైన ఆ బండి భారమంతా మామూలు బ్రేకుల మీద, ఆ పాత ద్రవం మీద పడుతుంది. పైకి వెళ్లినప్పుడు ఛార్జింగ్‌ను ఎనభై తొంభై శాతం దగ్గర ఆపుకోవడం మంచిది.

మార్చడం సంగతికి వస్తే, మన దగ్గర ఎక్కువగా జరిగే మోసం, లేదా అజ్ఞానం, రిజర్వాయర్ వరకే మార్చి బిల్లు పూర్తిగా వేయడం. పిచికారీతో పైనున్న పాత ద్రవం లాగేసి కొత్తది పోస్తారు, చూడటానికి తేటగా ఉంటుంది. కాలిపర్లలో మాత్రం పాతదే. నాలుగు చక్రాల దగ్గర ద్రవాన్ని వదిలే నిపుల్స్ తెరిచి పాత ద్రవం బయటికి వచ్చేదాకా తోస్తేనే మార్చినట్టు. పని జరిగిందో లేదో తెలియాలంటే పక్కన నిలబడి చూడాలి, లేదా నిపుల్స్ మీది దుమ్ము కదిలిందో లేదో గమనించాలి.

ఇంకో అలవాటు ‘టాప్ అప్’. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి పిస్టన్లు బయటికి జరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారణం చూడకుండా పోసేస్తే హెచ్చరిక దీపం ఆరుతుంది, జబ్బు మిగులుతుంది. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నొక్కినప్పుడు ఎక్కువైన ద్రవం పొంగి పెయింటు మీద పడుతుంది. ఇంజనాయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి ఒక్క చెంచాడు కలిసినా బ్రేకు రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అలా జరిగితే కడిగితే పోదు, సీళ్లన్నీ మార్చాల్సిందే.

సొంతంగా చేయదలచినవారు మొదట తమ కారు మాన్యువల్ చదవాలి. కొన్ని హైబ్రిడ్లకు, ఎలక్ట్రానిక్ బ్రేకులున్న కొన్ని బళ్లకు కంప్యూటర్ తగిలించి ప్రత్యేక పద్ధతిలో పెట్టకుండా నిపుల్ ముట్టుకోకూడదు. వాటిని సర్వీస్ సెంటర్‌కే వదిలేయాలి. మామూలు కారుకు సీలు విప్పని లీటరు ద్రవం సరిపోతుంది. సగం వాడి బీరువాలో దాచిన సీసా పనికిరాదు, అది అప్పటికే గాలిలోని చెమ్మ తాగి ఉంటుంది. కారును చదును నేల మీద నిలిపి, జాకీ మీద మాత్రమే వదలకుండా స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. ముందు రిజర్వాయర్‌లోని పాతది లాగేసి కొత్తది నింపితే పాత మురికి పైపుల్లోకి దిగదు. చాలా కార్లకు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన దేశంలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి అది ఎడమ వెనక చక్రం. మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించాలి.

నిపుల్‌కు అతికినట్టు సరిపోయే రింగ్ స్పానర్ వాడాలి. తుప్పు పట్టినదాన్ని బలవంతంగా తిప్పితే విరుగుతుంది, కాలిపర్ మార్చాల్సి వస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక పూట ఆగడం మేలు. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి రెండో కొస సీసాలోని ద్రవంలో ముంచాలి. లోపల కూర్చున్న మనిషి పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, బయటి మనిషి నిపుల్ వదులు చేయాలి, బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. పెడల్‌ను నేలదాకా తొక్కకుండా కింద చెక్కముక్క పెట్టడం మంచి మెకానిక్ లక్షణం. పాత కార్లలో మాస్టర్ సిలిండర్ లోపల ఎన్నడూ సీలు తాకని భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. ఒక్కసారి సీలును అంతదూరం తోస్తే అది గీరుకుపోయి, ద్రవం మార్చిన మర్నాడే బ్రేకు పాడైందన్న అపవాదు వస్తుంది. ఒత్తిడితో తోసే పరికరం ఉంటే ఈ బెడద లేదు, ఒక్క మనిషే చేసుకోవచ్చు. కొత్త రంగు ద్రవం బుడగలు లేకుండా వచ్చేదాకా ఒక్కో చక్రం దగ్గర కొనసాగించాలి. మధ్యమధ్యలో రిజర్వాయర్ చూస్తూ ఉండాలి. అది ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది, దాన్ని తీయడానికి స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లక తప్పదు. కొన్ని కార్లలో క్లచ్ కూడా ఇదే రిజర్వాయర్ నుంచి ద్రవం తీసుకుంటుంది. అక్కడి పాత ద్రవాన్ని మరచిపోతే కొత్తది మళ్లీ నల్లబడుతుంది.

పని పూర్తయ్యాక ఇంజను వేసి పెడల్ తొక్కి కాసేపు పట్టుకోవాలి. అది నెమ్మదిగా దిగుతుంటే బండి రోడ్డెక్కకూడదు. గట్టిగా నిలిస్తే ఖాళీ స్థలంలో నిదానంగా నడిపి చూసుకుని, తేదీ రాసి బానెట్ లోపల అంటించాలి. ఒంటి మీద, పెయింటు మీద పడిన చుక్కలను వెంటనే నీళ్లతో కడగాలి. తీసిన పాత ద్రవం విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా మూతపెట్టి, పాత ఇంజనాయిల్ డ్రమ్ములో కలపకుండా వేరే డబ్బాలో పేరు రాసి షెడ్డుకు అప్పగించాలి.